హేండిలు దించే ఉంది

కబురు మొదట నాకు తెచ్చింది పోలమ్మ. సముద్రం పక్కనున్న పేట నుంచి పొద్దున్నే మొదటి బస్సుకి చేపల తట్టతో మా ఊరు వస్తుంది. నా పూజ అయ్యేదాకా వీధి అరుగు మీద కూర్చుని, గంట చప్పుడు ఆగాకే పిలవడం ఆవిడ పద్ధతి. ఆ రోజు ఆగలేదు. నేను హారతి ఇస్తుండగానే గుమ్మంలో నిలబడి, మా వైపు అక్కని పిలిచినట్టు, "అప్పా, పాపారావు బాబు నోరిప్పీసినాడు. హేండిలు దించే ఉన్నాదని ఒప్పీసుకున్నాడు. నా సెవులతో ఇన్నాను. నలుగురూ ఇన్నారు" అంది. కర్పూరం కొండెక్కేదాకా పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత పళ్లెం కింద పెట్టి, "స్వామీ, ఆయన్ని ఇన్నాళ్లు బతికించావు, నీకు దణ్ణం" అన్నాను.

ఇది క్షమించేసిన మనిషి మాట అనుకునేరు. కాదు. పగ ఉన్నవాళ్లు అవతలివాడు పోవాలని మొక్కుకుంటారు. నేను మిల్లు పాపారావు బతకాలని మొక్కుకున్నాను. ఏటా రామతీర్థం వెళ్లి రాముడి ముందు చేతులు జోడించి, ఆయనకి మతి పోకూడదని, నోరు పడిపోకూడదని, పక్షవాతం వస్తే కాళ్లకి రావాలిగానీ నాలిక్కి రాకూడదని అడిగాను. మా నాన్న చావుకి నేనే కారణమని ఊరంతా నమ్మేలా చెప్పిన నోరు అది. నిజం కూడా ఆ నోటితోనే రావాలి. దేవుడి దగ్గర నేను ఇంకేమీ పెద్దగా కోరలేదు. అన్నం పెట్టాడు, ఆరోగ్యం ఇచ్చాడు, అడక్కుండానే ఇచ్చిన వాటికి రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. అడిగి పుచ్చుకోవలసింది మాత్రం ఇదొక్కటే.

మా నాన్న సింహాచలం ఈ ఊరికి లైన్‌మన్. ఆయన ఇంటికొస్తే ముందు వాసన వచ్చేది: ట్రాన్స్‌ఫార్మర్ నూనె వాసన, రబ్బరు చేతి తొడుగుల్లో చల్లే పొడి వాసన, చెమట పట్టిన ఖాకీ చొక్కా వాసన. అమ్మ ఆయన చొక్కాలు విడిగా, కుంకుడు రసంలో నానబెట్టి ఉతికేది. అయినా ఆ నూనె వాసన పోయేది కాదు. పొద్దున్నే రాగిపిండితో కాచిన చోడంబలి, ఉల్లిపాయ, నంజుకోవడానికి కాల్చిన ఎండు నెత్తళ్లు, వేలెడు చిన్న చేపలు. తిని, బెల్టు భుజాన వేసుకుని, తాడు చుట్ట సైకిలు హేండిల్‌కి తగిలించి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. చిన్నప్పుడొచ్చిన జ్వరంలో నా ఎడమ కాలు కొంచెం ఈడ్పు పడింది. వాగు దాటి బడికి వెళ్లడం కుదరలేదు. అందుకని నాకు బడి అంటే నాన్నే. అక్షరాలు ఇంట్లో నేల మీద సుద్దతో రాసి చూపించాడు. ఆ తర్వాత నాకు నేనే కూడబలుక్కుని చదివిన మొదటి మాట, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ మీద పుర్రె బొమ్మ కింద ఉన్న 'అపాయం'. చదవగానే నాన్న నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. "నా గుంటకి సదువొచ్చీసినాది" అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పాడు.

కరెంటు సంగతులు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సాలూరు దాటాక పైన కొండల్లో నీళ్లు దూకే చోట పుడుతుందనీ, అక్కణ్ణించి ఇనప టవర్ల మీద నడిచి వస్తుందనీ చెప్పాడు. "మరైతే మనింటికి ఎంత జోరు కావాలో అంతే జోరుతో అక్కణ్ణించి పంపొచ్చు కదా, అంత భయంకరంగా పెంచి పంపడం ఎందుకు?" అని నేనడిగాను. అప్పుడు నూకాలమ్మ మా అరుగు మీద చేపలు తోముతోంది. ఈ పోలమ్మకి అత్త. నాన్న ఆవిణ్ణి చూపించి చెప్పాడు. "సూడు బుల్లీ, నూకాలప్ప తట్ట నిండా బరువెత్తుకుని నెమ్మదిగా వచ్చినాదనుకో, ఎండకి సేపలు దారిలోనే మురిగిపోతాయి. అదే తేలిక తట్ట నెత్తినెట్టుకుని జోరుగా వచ్చినాదనుకో, తాజాగా దిగుతాయి. కరెంటూ అంతే. బరువు తగ్గించి జోరు పెంచితే దారిలో పాడవదు. బరువెక్కువైతే తీగ ఏడెక్కీసి దారిలోనే సగం పోద్ది. మరి అంత జోరు మీద ఇంట్లోకొస్తే కొంపంటుకుపోద్ది గదా, అందుకే ఊరి మొగలో ఈ పెట్టెట్టి జోరు తగ్గించి లోనకి పంపుతారు."

"ఒరే సింహాచలం, నన్ను కరెంటుతో పోల్సీసినావేట్రా? ఇకమీద నన్ను ముట్టుకున్నోడు సచ్చిపోతాడు, మా ఆయనకి సెప్పాల" అని నూకాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ జోరు తగ్గించే పెట్టె గురించే ఆయన ఇంకో మాట చెప్పాడు. ఆ మాట ఆ తర్వాత నా బతుకంతా నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. "ఈ ట్రాన్స్‌ఫార్మరుకి ఇది పైన, ఇది కింద అని తెలీదు బుల్లీ. పైనుంచి పెద్ద జోరు ఇస్తే కింద సిన్నది సేసి ఇస్తాది. ఎవడైనా ఎదవ కిందనుంచి సిన్నది ఇచ్చినాడనుకో, పైన పెద్దది సేసీస్తాది. దానికి బుద్ధుండదు. బుద్ధి మనకుండాల."

ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఎర్తు గొయ్యిలో నీళ్లు పోయడం మా ఇంటి ఆడవాళ్ల పని. బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన గొయ్యి అది. ఎక్కడైనా కరెంటు దారి తప్పితే నేలలోకి దిగిపోవడానికి ఆ గొయ్యి తడిగా ఉండాలి. అమ్మ స్నానం చేసి, తులసికి పోసిన చెంబుతోనే ఇంకో చెంబు నీళ్లు తెచ్చి అక్కడ పోసి, చేతులు జోడించేది. నాన్న నవ్వేవాడు కాదు. "దేవుడికి పోసినట్టే పొయ్యి. అక్కడ పైకెక్కీది నీ మొగుడే" అనేవాడు.

ఇక కాపలా. ఆయన స్తంభం ఎక్కాలంటే ముందు దిమ్మ పక్కన ఉన్న పొడుగాటి ఇనప హేండిల్ కిందికి దించేవాడు. అది దించితే పైన మూడు తీగల దగ్గరా కత్తుల్లాంటి రేకులు విడిపోయి, ఊరికొచ్చే కరెంటు ఆగిపోతుంది. రెండు చేతులతో పట్టుకుని, ఒంట్లో బరువంతా వేస్తేగానీ కదిలేది కాదు. దానికి తాళం ఎప్పుడూ ఇవ్వలేదు. తాళానికి బదులు నాన్న తన ఎర్ర తువ్వాలు హేండిల్‌కి ముడివేసేవాడు. తువ్వాలుంటే పైన మనిషున్నాడని అర్థం. ఊళ్లో పసివాళ్లకి కూడా తెలుసు. తువ్వాలు కింద ఇంటి మనిషి ఒకరు కూర్చోవాలి. పరాయివాణ్ణి నమ్మేవాడు కాదు. నడవలేని కాలు కాబట్టి కూర్చోవడం నాకు చక్కగా సరిపోయే ఉద్యోగం అనేవాడు. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఊరంతటికీ కరెంటు ఆగింది, పైన మా నాన్న ఉన్నాడు, ఆయన ప్రాణానికి నేను కాపలా.

మిల్లు పాపారావుది ఊళ్లో ఒకే ఒక్క రైసు మిల్లు. ఊరిళ్లకి వెళ్లే తీగలకి ఫ్యూజులుండేవి. నాన్న పైకెక్కే ముందు వాటిని తీసి జేబులో వేసుకునేవాడు. మిల్లుకి మాత్రం ఫ్యూజు పెట్టె లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తిన్నగా తీగ వెళ్లేది. పలుకుబడితో వేయించుకున్నాడు. కరెంటు పోతే తిప్పుకోవడానికి జనరేటరు కూడా కొన్నాడు. "బాబూ, ఇంజిను తిప్పీ ముందర గోడ మీద పెద్ద స్విచ్చి దించీండి. నేదంటే మీ కరెంటు తీగెంట ఎనక్కొచ్చి పెట్టెలో దూరి, పెద్దదైపోయి నా నెత్తిన కూకుంటాది" అని నాన్న ఎన్నిసార్లు బతిమాలాడో. పాపారావు కుర్చీలోంచి లేవకుండానే నవ్వేవాడు. "నా డీజిలుతో పుట్టిన కరెంటు నా గోడ దాటి ఎల్తాదేట్రా? దానికి కాళ్లున్నాయేటి?"

ఆ రోజు పొద్దెక్కింది. కొత్త ధాన్యం మిల్లుకొచ్చే రోజులు, ఊరంతా ఉప్పుడు బియ్యం ఆవిరి వాసన. పైన ఒక తీగకి ఫ్యూజు పోయింది. నాన్న హేండిలు దించాడు, తువ్వాలు ముడివేశాడు, ఊరి ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాడు, నన్ను నీడలో కూర్చోబెట్టి ఎక్కాడు. నూకాలమ్మ సగం తట్ట అమ్ముకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. తల పైకెత్తి, "ఒరే, అంతెత్తునుంచి సూస్తే మా సముద్రం కనబడతాదేట్రా?" అని అరిచింది.

"కనబడతన్నాదప్పా! నీ మొగుడు వల లాక్కుండా పడవలో తొంగున్నాడు!" అన్నాడు నాన్న పైనుంచి.

ఆయన ఆఖరి మాట అదే. మేమిద్దరం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. మిల్లు వైపు నుంచి ఇంజిను దడదడ మొదలైంది. నేను తల తిప్పి అటు చూశాను. నాకు ఆ చప్పుడు అర్థమైంది. నోరు తెరిచాను. నా గొంతు బయటికి వచ్చేలోపే పైన పెద్ద చప్పుడైంది. తర్వాత నాన్న బెల్టుకి వేలాడుతూ కనిపించాడు. దాని గురించి ఇంతకంటే రాయను.

జనం చేరేసరికి ఇంజిను ఆగిపోయింది. హేండిలు దించే ఉంది, తువ్వాలు ముడి వేసే ఉంది. పాపారావు తెల్ల పంచె పైకి పట్టుకుని వచ్చాడు. ఒక్క క్షణం హేండిల్‌ని చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో ఆలోచన పుట్టడం నేను కళ్లారా చూశాను. "గుంటని కాపలా ఎట్టినాడు, ఏం సేస్తాం. ఆడుకుంటా హేండిలెత్తీసుంటాది. మడిసి పడగానే జడిసిపోయి మళ్లీ దించీసి, తువ్వాలు కట్టీసినాది. పాపం, పిల్ల. దాన్నేటీ అనకండి" అన్నాడు. ఆ పాపం అనే మాటతోనే నా మెడకి ఉరి బిగించాడు. ఇక ఆ తువ్వాలూ, దించిన హేండిలూ నా తరఫున చెప్పే సాక్ష్యం ఏమీ మిగల్లేదు.

నేను ట్రాన్స్‌ఫార్మరుకి పైనా కిందా తెలీదనీ, మిల్లు కరెంటు వెనక్కి వచ్చిందనీ ఏడుస్తూ అరుస్తూ చెప్పాను. పిల్లకి మతి చెడిందన్నారు. అప్పుడు నూకాలమ్మ తట్ట కింద పెట్టింది. నా చెయ్యి పట్టుకుని, నన్ను తన నడుముకి ఆనించుకుని పాపారావుకి ఎదురు నిలబడింది. "నాను పక్కనే ఉన్నాను బాబూ. ఇంజిను మోత ఇన్నాకే మడిసి పోనాడు. ఈ గుంట లెగనేదు. నా సేపల తట్ట ఎత్తనేని పిల్ల ఆ ఇనప కడ్డీ ఎత్తుద్దేటి? మీ నోటికి దేవుడు నేడా?"

పాపారావు ముక్కు మీద కండువా పెట్టుకున్నాడు. "ముందు ఆ కంపు తట్ట దూరంగా ఎట్టుకో. సేపలమ్ముకునీదానివి, కరెంటు గురించి నీకేటి తెలుసు?" జనంలో కొందరు నవ్వారు. శవం ఇంకా పైనే ఉంది, నవ్వారు.

నూకాలమ్మ నవ్వినవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ చూసింది. "కంపు తట్టా? మంచిది. ఇను. ఈ గుంట హేండిలు ముట్టుకోనేదని నీ నోటితో నలుగురిలో అన్ననాటిదాకా, నీ గుమ్మంలోకి మా పేట కంపు రాదు. మా గంగమ్మ మీద ఒట్టు."

ఆ మాట ఎవరూ లెక్కపెట్టలేదు. ఊరు మాత్రం నాకో పేరు పెట్టింది: హేండిలెత్తిన పిల్ల. తల్లులు తమ పిల్లల్ని నా పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల చెవిలో ఆ పేరు ముందే పడేది. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటి జరిగింది. నాన్న పోయాక వచ్చిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, అమ్మ వెనక కూర్చుని నాకు జడ వేస్తోంది. చేతులు ఆగాయి. "ఒసే, నిజం సెప్పు. కోప్పడను. నువ్వు దాన్ని ముట్టుకోనేదు గదా?" అంది. ఆవిడ మొహం నాకు కనబడలేదు. ముట్టుకోలేదమ్మా అన్నాను. సరేనంది, జడ పూర్తి చేసింది. ఆ మర్నాటి నుంచి నా జడ నేనే వేసుకున్నాను. అమ్మకి అర్థమైంది, ఎప్పుడూ మళ్లీ దువ్వెన అడగలేదు. ఇద్దరం అదే ఇంట్లో, అదే దేవుడి ముందు దీపం పెట్టుకుంటూ బతికాం. "కోప్పడను" అన్న ఆ ఒక్క మాటని మా మధ్య పెట్టినవాడు పాపారావు. నాన్నని చంపడం తొందరపాటు అనుకుని ఎప్పటికైనా వదిలేద్దునేమో. ఇది వదలను.

నూకాలమ్మ మాట నిలబెట్టుకుంది. పేటకి వెళ్లి గంగమ్మ గుడి ముందు తోటి ఆడవాళ్లందరి చేతా ఒట్టు వేయించింది. తట్ట నెత్తిన పెట్టుకున్న ఏ మనిషీ మిల్లువాళ్ల వీధిలోకి తిరగలేదు. ఎవరైనా తమ పేరు మీద కొని వాళ్లకిస్తే, ఆ ఇంటికి కూడా చేప ఆగిపోయేది. మొదట్లో మిల్లువాళ్లు నవ్వుకున్నారు. టౌను నుంచి ఐసు పెట్టెలో పెద్ద పెద్ద చేపలు తెప్పించుకున్నారు. కానీ పాపారావుకి ప్రాణం పచ్చి నెత్తళ్ల మీద. మామిడికాయ వేసి వండిన నెత్తళ్ల పులుసు ఉంటే వేరే కూర ముట్టడని ఊరందరికీ తెలుసు. నెత్తళ్లు బీదవాళ్ల చేప, ఐసులో నిలవవు, పొద్దున పట్టినవి మధ్యాహ్నానికి మెత్తబడిపోతాయి. తేలిక తట్టలో జోరుగా వస్తేనే తాజాగా దిగేది. మామిడికాయల రోజుల్లో ఊరంతా ఆ పులుసు వాసన తేలుతుంటే, మిల్లు మేడ మీద ఆయన కుర్చీ లోపలికి జరుపుకునేవాడట. ఆ మాట పని మనుషులు చెబితే ఆ పూట నా అన్నం ఎంత రుచిగా ఉందో రాముడికి తెలుసు.

పాపారావు భార్య మంచిది. ఒకసారి దొడ్డి గుమ్మంలోంచి, వెనక సందులో పోతున్న నూకాలమ్మని పిలిచి బతిమాలుకుంది. "అమ్మా, నీ మీద నాకు కోపం నేదు. నీ మొగుణ్ణి బయిటికి రమ్మను. ఆ ఒక్క మాట అనమను. తట్ట మొత్తం నీ గుమ్మంలో ఒంపీసి ఉత్త సేతులతో ఎల్తాను" అంది నూకాలమ్మ. ఆయన రాలేదు. ఆ తల్లి అలాగే కన్నుమూసింది. మా అమ్మా పోయింది. ఆ తర్వాత నూకాలమ్మ మంచం పట్టినప్పుడు నేను పేటకి వెళ్లాను. అప్పటికి మాట సరిగా రావడం లేదు. కోడల్ని దగ్గరికి పిలిచి, తట్ట చూపించి, తర్వాత నన్ను చూపించింది. పోలమ్మ తలూపింది.

ఇప్పుడు కాలం మారింది. ఊరి మొగలో ట్రాన్స్‌ఫార్మరుకి చుట్టూ కంచె ఉంది, హేండిల్‌కి తాళం ఉంది. పైకెక్కే కుర్రాళ్లు ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైను ఆపినట్టు ఖాయం చేసుకుంటారు. మూడు తీగల్నీ గొలుసుతో కలిపి నేలకి కట్టి మరీ ముట్టుకుంటారు. ఎటునుంచి ఏది వచ్చినా నేలలోకి దిగిపోతుంది. మా నాన్నకి ఇచ్చింది ఒక బెల్టు, ఒక జత తొడుగులు, ఒక సైకిలు. జనరేటరు ఉన్నచోట, ఊరి కరెంటూ దానిదీ ఒకేసారి కలవకుండా అటో ఇటో తిప్పే స్విచ్చి పెడుతున్నారు. ఆ కుర్రాళ్లని చూసి సంతోషిస్తాను, వాళ్ల తల్లుల కోసం దణ్ణం పెట్టుకుంటాను. అయినా ఎండాకాలం వస్తే తులసికి పోసిన చెంబుతో ఆ కంచె దాకా వెళ్లి, కన్నంలోంచి ఎర్తు గొయ్యిలో నీళ్లు పోసి వస్తాను.

మొన్న జరిగింది పోలమ్మ నోటితోనే విన్నాను. పాపారావు ముసలివాడైపోయాడు. మిల్లు మూతపడింది. నాలిక్కి ఏమీ సయించడం లేదు. కోడలు ఏది వండినా పక్కకి నెట్టేస్తున్నాడు. ఆ పొద్దున పోలమ్మ మిల్లువాళ్ల వీధి చివర నెత్తళ్లు కేకేస్తుంటే, కర్ర పట్టుకుని తనే వీధిలోకి వచ్చాడు. "ఒలే, ఇలా రా" అన్నాడు.

"నానేల వస్తాను బాబూ? కంపు తట్ట" అంది పోలమ్మ.

"సచ్చిపోతన్నానే. ఒక్క గుప్పెడు ఇయ్యి."

"మా అత్త బాకీ ఒక మాటున్నాది. అది దించు, నాను తట్ట దించుతాను."

కోడలు, పక్కింటివాళ్లు, పాల కోసం వచ్చినవాళ్లు అందరూ చూస్తున్నారు. ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని మెడ చాచి ఆ తట్ట వైపు చూశాడట. ఆఖరికి, "గుంట ముట్టుకోనేదు. హేండిలు దించే ఉన్నాది. నానే ఇంజిను తిప్పీసినాను" అన్నాడట. పోలమ్మ తట్ట దించింది.

నా దీపాలకి, నా కొండ మెట్లకి రాని మాట గుప్పెడు నెత్తళ్లకి వచ్చింది. మొదట మనసు చివుక్కుమంది. తర్వాత అనుకున్నాను, ఆయనకి ఇంత నాలిక రుచి ఇచ్చింది మాత్రం ఎవరు? దేవుడు నా మొక్కు విన్నాడు, తనకి తోచిన దారిన తీర్చాడు. పాపారావు నన్ను ఒకసారి చూడాలని కబురు పెట్టాడు. నేను వెళ్లలేదు. వెళ్లను. ఆ మాట వినవలసిన మనిషి జడ వేస్తూ అడిగిన మనిషి. ఆవిడ లేదు.

"మరి రేపటి నుంచి ఏటప్పా? మాట తీరిపోనాది గదా, మామూలుగా అమ్మమంటావా?" అంది పోలమ్మ.

దేవుడి వైపు చూసి ఆలోచించాను. "అమ్ము. కానీ రోజూ తట్ట దించే ముందు అడుగు. రోజూ చెప్పాలి. వీధిలో నిలబడి, అందరికీ వినబడేలా" అన్నాను. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మా అత్త పోనేదప్పా, నీలో దూరీసినాది."

అలాగే జరుగుతోంది. పొద్దున్నే ఆయన వీధిలోకి వచ్చి ఆ మూడు మాటలూ చెప్పి నెత్తళ్లు తీసుకుంటున్నాడు. బడికెళ్లే పిల్లలకి కూడా ఆ మాటలు నోటికి వచ్చేశాయి. నేను రోజూ దీపం పెట్టి, స్వామీ, ఆయన ఆకలి చల్లగా చూడు, ఇంకా చాలా ఏళ్లు బతికించు అని వేడుకుంటున్నాను.

మా నాన్నని తలుచుకోవడానికి నేనున్నాను. మీరు ఇంకొకరిని తలుచుకోవాలి. ఎప్పుడైనా మీ గుమ్మంలో చేపలావిడ తట్ట దించుకోవడానికి చెయ్యందించమంటే, అందిస్తూ ఒక్కసారి నూకాలమ్మ అని అనుకోండి. ఊరంతా నన్ను వేలెత్తి చూపిన రోజున తట్ట కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది ఆవిడే.